విడిచిన పెంకు

"ఏందే మేబెల్, చాయ్‌ల ఇసుక పోసినవా?" జీవరాజు తుపుక్కున ఊసి, కప్పు సింకులో పారబోసి స్నానానికి పోయాడు.

మేబెల్‌కు అర్థమైపోయింది. చాయ్ వడగట్టే జాలితో కూతురు మళ్ళీ రాళ్ళపొడి జల్లించింది.

"ఇంట్ల జాలి ఒక్కటే హదస్సా! నీ ట్రైలోబైట్లకు వేరే కొనుక్కోరాదూ?"

"కడిగే పెట్టిన కదమ్మా."

"నీ కడుగుడు సంగతి డాడీ పండ్లకు తెలిసింది."

యూనివర్సిటీలో ట్రైలోబైట్లనే పురుగుల శిలాజాల మీద పరిశోధన చేస్తున్న హదస్సా మామూలుగా అయితే ఎదురు నవ్వేది. ఈసారి నవ్వలేదు.

"ఆషర్ పేరు పెట్టినమే, అది వేరే జాతి కాదమ్మా. పొరపాటు చేసిన."

మేబెల్ చేతిలో జాలి ఆగిపోయింది. ఆషర్ ఆమె కొడుకు. నాలుగేళ్ళు నిండకుండానే డెంగీతో పోయాడు. హిమాలయాల్లోని స్పితి రాళ్ళలో, కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు పురుగుల్లో, బియ్యపుగింజంత కొత్త జాతి దొరికిందనీ, తమ్ముడి పేరు పెడతాననీ కూతురన్న నాటినుంచే ఆమె నలుగురిలో కాస్త తలెత్తుతోంది. రేపు వాడి జ్ఞాపకార్థ కూడికలో ఆ మాట చెప్పమని బోయిగూడ పాస్టరు గారిని అడిగింది కూడా.

"ఎవరికి తెలుస్తది? ఉండనీ."

హదస్సా ట్రే తెచ్చి భూతద్దం చేతికిచ్చింది. శిలాజాలు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నదానికి తల, తోక, నడుమ రెండే పట్టీలు. పక్కదానికి ఇంకొకటి ఎక్కువ. పెంకు విడిచినప్పుడల్లా తోకనుంచి ఒక పట్టీ ఊడివచ్చి నడుములో కలిసింది. చివరిది బొటనవేలంత, దానికి ఎప్పటినుంచో వేరే పేరుంది.

"నడిమివి మొన్ననే దొరికినయ్. చిన్నది దీని పిల్లే."

"అయితే ఏంది? ఇది సుత పిల్లప్పుడే చచ్చింది కదా," అంది మేబెల్. ఆ పోలికనైనా ఆమె వదులుకోదలచుకోలేదు.

"చావలేదమ్మా. బుగ్గల కాడ విచ్చుకుంది చూడు. ఇది విడిచిన పెంకు. లోపలిది పెరగనీకి బయటపడి పోయింది."

మేబెల్ భూతద్దం బోర్లా పెట్టి, పప్పు తాలింపుకు లేచింది.

మధ్యాహ్నం కంచాల ముందు జీవరాజు కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. తమ బిడ్డ పేరును ఆ రాతిమీద నిలిపినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. హదస్సా తల వంచుకుంది.

మేబెల్ ఆమెన్ అనలేదు. భర్త కంచంలో పప్పు వేస్తూ చెప్పింది.

"ఆ పేరు తీసెయ్యమంటున్న. రేపు కూడికల నేనే లేచి చెప్త. అది పెంకు విడిచి పెరిగిందంట. మనోడు పెరగలే. వాని పేరు దానికొద్దు."