దిష్టి తగలకుండా

అంతోనమ్మ చాట ఎగరేస్తే పొట్టు గాలికి పోతుంది, నూకలు చాటలో మిగులుతాయి. తిరువూరు రైసుమిల్లు వెనక రోజంతా ఆమెకు అదే పని. తవుడు కనురెప్పల మీద, మెడ ముడతల్లో పేరుకుని, ముప్పై నిండని మనిషి సాయంత్రానికి ముసలమ్మలా కనిపిస్తుంది. కూలితోపాటు ఇచ్చే నూకలే ఇంట్లో తిండి.

పక్కనే పాతచీర ఉయ్యాలలో రెండేళ్ళ రాయప్ప ఉన్నాడు. నిరుడు దివిసీమ ఉప్పెన ఆమె మొగుణ్ణి, పెద్దపిల్లలిద్దర్నీ తీసుకుపోయింది. వీడొక్కడే దక్కాడు. పొలాలు ఉప్పుబారి పనుల్లేక, వీణ్ణి చంకనేసుకుని ఈ మెట్ట ఊరికి వచ్చింది. అక్కడైతే ఎండుచేప ముక్క చప్పరించేవాడు, ఇక్కడ పూటపూటా నూకల గంజే. అయినా ఈమధ్య బుగ్గలు నిండాయి, పాదాలు బొద్దుగా అయ్యాయి. ఏడుపు కూడా మానేశాడు. ఆ బుగ్గలు చూస్తే చాలు, అంతోనమ్మకు తను తినకపోయినా కడుపు నిండేది.

పైకి మాత్రం చెప్పదు. ఉప్పెనకు ముందు ఎవరో పెద్దవాణ్ణి చూసి, ఎంత బాగా ఒళ్ళు చేశాడో అన్నారు. అంత సముద్రమూ లేచి రావడానికి ఆ మాటే కారణమని ఆమె నమ్మకం. ఎవరు కాదన్నా వినే రకం కాదు. అందుకే ఉయ్యాల మీద ఎప్పుడూ ఓ గుడ్డ కప్పి ఉంచుతుంది.

మధ్యాహ్నం పాలపొడి పంచే నర్సమ్మ వచ్చింది.

"పిల్లాణ్ణి చూపించమ్మా."

"పడుకున్నాడండి," అంటూ అంతోనమ్మ గుడ్డ సర్దింది.

"లేచాక ఆస్పత్రికి తీసుకురా."

నర్సమ్మ వెళ్ళగానే, పక్కన చెరుగుతున్న మస్తాన్‌బీకి ఒళ్ళు మండింది.

"అంత దాపరికమేంటే? ఒకసారి చూపిస్తే ఏం పోద్ది?"

"ఒకసారి పోయిందిగా అక్కా," అంది అంతోనమ్మ.

మస్తాన్‌బీ తన చాట అందుకుంది.

సాయంత్రం గంజి పట్టబోతే రాయప్ప మింగలేదు. నిద్రమత్తు అనుకుంది. మొలతాడు పొట్టను ఒరుసుకుని ఎర్రగా కమిలింది. దాన్ని తెంపేసి, లోలోపల మురిసిపోతూ, "కాస్త చూస్తుండక్కా," అని కొట్టుకు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఉయ్యాల మీద గుడ్డ తీసి ఉంది. మస్తాన్‌బీ పిల్లాడి పాదం పట్టుకుని కూర్చుంది. ఆమె వేలు నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది ఒళ్ళు కాదే, నీరు," అంది మెల్లిగా. "వాడిక లేడే అంతోనమ్మా."

అంతోనమ్మ గబగబా గుడ్డ కప్పేసింది.

"ఎవరన్నా చూశారా అక్కా?"

కొత్త మొలతాడు ఆమె చేతిలోంచి జారి తవుడులో పడింది. ఎదిగే పిల్లాడని జానెడు పొడవెక్కువే కోయించింది.