అల్లుడి వీపు

వెనక నడవాల్సిన మనిషి ఆ సాయంత్రం ముందు నడిచింది. అంతా దానివల్లే వచ్చింది.

పొద్దుగుంకే వేళ, ఆస్ట్రేలియా ఎడారిలోని ఉలూరు కొండ పక్కన యాత్రికుల్ని నడిపించి, ఇసుక మెట్ట మీద భోజనానికి చేర్చడం నోరీన్ పని. రోజూ గుంపు చివర్నే ఉండేది. ఆ రోజు వంటవాడికి జ్వరమొచ్చిందని, ఆమెనొక మాటైనా అడక్కుండా సెల్విన్‌ని పంపారు. సెల్విన్ ఆమె కూతురి మొగుడు. అక్కడి ఆదివాసుల్లో అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, మాట్లాడుకోరు. అది పగ కాదు, మర్యాద. వెనకనుంచి అతని బండి వస్తోందని తెలియగానే నోరీన్ భుజాల మీది దుప్పటి మొహమ్మీదికి లాక్కుని, గుంపును దాటి గబగబా ముందుకు పోయింది. మళ్ళీ వెనక్కి తిరగలేదు.

మెట్ట మీద నిప్పుల్లో కంగారూ తోక కాలుతోంది. వంట దగ్గర సెల్విన్, ఇవతల నోరీన్, మధ్యలో టార్పాలిన్ పరదా. కొండ ఎరుపు నల్లబడుతుండగా యాత్రికుల్లో హిల్డా అనే పెద్దావిడ వచ్చింది.

"నోరీన్, మా ఆయన మీతో ఉన్నాడా?"

నోరీన్ గబగబా గుంపును లెక్కపెట్టింది, ఒకరు తక్కువ. చలికాలం. ఇంకాసేపట్లో ఎముకలు కొరికే చలి. హిల్డా మొగుడు డగ్లస్‌కి గుండె జబ్బని పొద్దున్నే చెప్పారు.

"పరదా అవతల ఉన్న అబ్బాయిని అడుగమ్మా, దారిలో ఎవరైనా తప్పుకోవడం చూశాడేమో."

"మీరే అడగొచ్చుగా? ఇక్కడేగా ఉన్నాడు."

"నేనడక్కూడదు. మా అల్లుడు."

హిల్డా వెళ్ళి, పరుగున వచ్చింది. "తెల్ల టోపీ ఆయన కెమెరా పట్టుకుని ఆడవాళ్ళ చోటు వైపు మళ్ళాడట. ఒంటికి వెళ్ళాడేమో అనుకున్నాడట మీ అల్లుడు. మీరు చూసే ఉంటారనుకున్నాడట."

చూసే ఉంటారు. రోజూ అయితే చూసేదే.

అది ఆడవాళ్ళకే పవిత్రమైన చోటు, మగవాడు అడుగుపెట్టకూడదు. సెల్విన్ ప్రాణం పోయినా వెళ్ళడు, వెళ్ళమనడానికి ఆమెకు నోరూ రాదు. పోవాల్సింది తనే. మోకాళ్ళు సహకరించవు, చీకట్లో చూపానదు.

"ఆ అబ్బాయితో చెప్పమ్మా, బండి దీపాలు అటు తిప్పమని."

హిల్డా నోరు తెరిచేలోపే అవతల ఇంజను లేచింది. పరదా పక్కన ఇసుకలో టార్చి ఒకటి పెట్టి అతను పక్కకు తప్పుకున్నాడు. అతని అడుగుల చప్పుడు దూరమయ్యాక నోరీన్ దాన్ని అందుకుంది.

ఎండుగడ్డి ముళ్ళు పిక్కలకు గుచ్చుకుంటున్నాయి. "డగ్లస్" అని పిలిస్తే కొండే బదులిస్తోంది. చచ్చిపోయి ఉంటే? ఆ చోటులో, తన కాపలాలో? ఊళ్ళో ముసలమ్మల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

బండరాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, చీలమండ వాచిపోయి, పళ్ళు టకటకలాడిస్తూ.

"ఫోటో ఒక్కటే తీద్దామనుకున్నాను," అన్నాడు.

"బతికున్నావు. తిట్లు తర్వాత," అని దుప్పటి అతనికి కప్పి, భుజం ఆసరా ఇచ్చింది.

రెండడుగులు, ఆగడం. మళ్ళీ రెండడుగులు. హద్దు రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఊపిరాడలేదు. మెట్టదాకా మొయ్యడం తనవల్ల కాదు. హద్దు అవతల దీపాల వెలుగులో ఎవరో ఉన్నారు. దుప్పటి ముసలాయన ఒంటిమీదుంది, మొహం దాచుకోవడానికి ఏమీ లేదు.

దాచుకోనక్కర్లేకపోయింది. సెల్విన్ అటు తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, వీపు వంచి ఉన్నాడు. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో.

నోరీన్ తల వంచుకుని, డగ్లస్‌ని ఆ వీపుమీదికి వాల్చి, చేతులు వెనక్కి తీసుకుంది. సెల్విన్ లేచాడు, ఒక్కసారి కూడా తిరక్కుండా నడిచాడు. చాలా దూరం వెనక ఆమె నడిచింది, ఎప్పటిలాగే అందరికన్నా చివర.

డగ్లస్‌ని నిప్పు దగ్గర పడుకోబెట్టాక హిల్డా ఒక పళ్ళెం తెచ్చింది. తోకలో కొవ్వున్న ముక్క.

"మీ అల్లుడు పంపాడు. ఏమన్నా చెప్పమంటారా?"

నోరీన్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. ముక్క కొరికి, నమిలి, మింగింది.

"మాడిందని చెప్పు," అంది. "రెండోది కూడా పంపమను."