గీత దాకా నూనె

ఆ రోజు పెట్రోలులో నూనె కలిపాడా, లేదా? ఇరవై రెండేళ్లుగా వెల్డరుని ఈ ఒక్క అనుమానమే తొలిచేస్తోంది.

పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి కళ్లు మూసుకుంటే అందరికీ దేవుడు కనిపిస్తాడేమో గాని, అతనికి మాత్రం ఐదు లీటర్ల డబ్బా ఒకటి కనిపించేది. చేతిలో చిన్న అల్యూమినియం గ్లాసు, దాని లోపలివైపు మేకుతో గీసిన గీత. లీటరు పెట్రోలుకి ఆ గీత దాకా నూనె పోయాలి, ఐదు లీటర్లకి ఐదు గ్లాసులు. టూ స్ట్రోక్ బండిలో పిస్టనుకి విడిగా నూనె అందదు. పెట్రోలుతో కలిసి వెళ్లేదే దానికి ప్రాణం. గ్లాసు చేత్తో పట్టుకోవడం అతనికి గుర్తుంది. ఇంతలో, అప్పట్లో తను పనిచేసే బండ్ల షెడ్డు ఓనరు పిలవడం గుర్తుంది. ఆ తర్వాత చూసుకుంటే గ్లాసు జేబులో ఉంది, తడిగా. ఆ తడి ఆనాటిదా, ముందు రోజుదా? ఎన్నిసార్లు తవ్వినా జ్ఞాపకం అక్కడే తెగిపోయేది.

ఆ మధ్యాహ్నం పందెంలో ఓనరు నడుపుతుండగానే ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి, ఆయన మట్టిలో పది గజాలు ఈడ్చుకుపోయాడు. షెడ్డుకి తిరిగొచ్చి, మోచేతి నుంచి రక్తం కారుతుండగానే, గోడకి వేలాడుతున్న పాత చైను అందుకున్నాడు.

"నూనె కలిపింది ఎవడ్రా?"

నూనె కలపడం షెడ్డులో పెద్ద మెకానిక్కు పని. ఇతను ఆయన్ని అన్నా అని పిలిచేవాడు. ఆ పొద్దున అన్న కార్బొరేటర్ దగ్గర తలమునకలుగా ఉంటే, "గ్లాసిలా ఇవ్వన్నా, నేను కలుపుతా" అని అడిగి మరీ తీసుకున్నాడు. ఓనరు అడగగానే అన్న ఇతని వైపు ఒక్కసారి చూశాడు. చూసి, "నేనే" అన్నాడు.

ఏడు దెబ్బలు. వెల్డరు గోడకి ఆనుకుని నిలబడి లెక్కపెట్టాడు. మూడోదానికి చొక్కా చిరిగింది. ఐదోది చైను కొసతో ఎడమ చెవి మీద పడింది. అన్న అరవలేదు, చెవిలోంచి సన్నగా రక్తం దిగుతుంటే తల అటువైపు వంచి, ఏదో వింటున్నవాడిలా కూర్చున్నాడు. నేను కలిపాను అన్న మాట వెల్డరు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

వారం తిరక్కుండా ఇతను షెడ్డు మానేసి వెల్డింగు పనిలో చేరాడు. ఊరు ఒకటే అయినా, అన్న ఎదురొస్తే వీధి దాటి అవతలికి పోయేవాడు. గ్లాసు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దేవుడి గూటి పక్కన, గుడ్డలో చుట్టి. దీపంలో నూనె పోసుకోవడానికి బాగుంటుందని భార్య ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. "ఎవరిదో అది" అనేవాడు. "ఎవరిదో అయితే ఇచ్చెయ్యొచ్చుగా" అనేది ఆవిడ. అతను గుడ్డని ఇంకో చుట్టు చుట్టి పెట్టేవాడు.

ఇప్పుడు కూతురు డర్ట్ బైకు కొంటానంటోంది. పార్సిళ్లు చేరవేసే ఉద్యోగంలో రెండేళ్లు కూడబెట్టిన అరవై వేలు ఉన్నాయి. మట్టి ట్రాకు మీద అద్దె బండితో రెండుసార్లు మూడో స్థానం తెచ్చుకుంది. "సొంత బండి ఉంటే మొదటిదే నాన్నా" అంది. ఎవరో టూ స్ట్రోక్ అమ్ముతున్నారని చిరునామా చూపించింది. అది అన్న ఇంటిదే. మర్నాడు దీపం పెట్టి, గ్లాసుని జేబులో వేసుకుని, కూతురిని వెంటబెట్టుకుని బయలుదేరాడు.

అన్న ఇంటి వెనక రేకుల గేటున్న పెరడు. మధ్యలో స్టాండు మీద బండి. ఆనాటి బండే. ఇంజన్ పట్టేసిన బండిని ఓనరు తుక్కు కింద అన్న మొహాన కొట్టాడని, అదే అతని ఆఖరి జీతమని వెల్డరు అప్పట్లోనే విన్నాడు. దాన్ని మళ్లీ లేపాడని మాత్రం తెలియదు.

అన్న తల నెరిసింది. వెల్డరుని చూసి ఆశ్చర్యపోలేదు. "రా. వీధికి అవతలివైపు నుంచి గాక ఎదురుగా చూస్తే బాగానే ఉన్నావే" అన్నాడు.

వెల్డరు తల దించుకుని ఏదో గొణిగాడు.

"అది చెడిపోయిన చెవి. ఇటుపక్కకి వచ్చి చెప్పు."

ఇటు వచ్చాక చెప్పడానికి ధైర్యం చాలలేదు. "బండి చూద్దామన్నా" అన్నాడు.

"ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టు. మీరు వచ్చేలోగా వేడి చేసి, ఒక్క కిక్కుకే స్టార్టయిందని మురిపించి అమ్మే రకాన్ని కాదు."

ఇంజన్ చల్లగా ఉంది. వెల్డరు కిక్కు రాడ్డు మీద నిలబడి బరువంతా వేశాడు. రాడ్డు చటుక్కున పడిపోకుండా అతన్ని కాసేపు మోసి, తర్వాత నెమ్మదిగా దిగింది. కంప్రెషన్ బాగుందన్నమాట. చక్రం పట్టుకుని ఊపాడు. ఛాసిస్ మీద ఒకచోట అతుకు కనిపిస్తే వేలితో తడిమాడు.

"ఇదెవరు వేశారన్నా?"

"నేనే. నవ్వకు. వెల్డర్లందరూ నన్ను చూసి వీధి దాటేస్తుంటే ఏం చేసేది?"

కూతురికి నవ్వాగలేదు. "పెదనాన్నా, ఒకసారి నడిపి చూడనా?" అని అడిగి, మూడో కిక్కుకి స్టార్టు చేసి, గేటు బయట ఖాళీ స్థలంలో పది చుట్లు తిప్పింది. తిరిగొచ్చి స్టాండు వేసేసరికి ఆమె కళ్లలో వెలుగు చూసి ఇద్దరికీ అర్థమైంది. ఇంజను పక్కనుంచి మెలిక తిరిగి వెనక్కి పోయే పొగ గొట్టం కాలి, దాని మీద గాలి వణుకుతోంది.

"యాభై ఇవ్వు" అన్నాడు అన్న.

"అరవై" అన్నాడు వెల్డరు.

"నేను అమ్మేవాణ్ణిరా. నువ్వు దించాలి."

"ఇప్పుడివి దొరకట్లేదన్నా. బయట డెబ్బై చెప్తున్నారు."

అన్న అతన్ని తేరిపార చూశాడు. "నువ్వు బండికి ధర కడుతున్నావా, నా చెవికి కడుతున్నావా? చెవి అమ్మకానికి లేదు. బండిది చెప్పు."

వెల్డరు నోరు తెరిచేలోగా గేటు చప్పుడైంది. వచ్చినవాడు లోపలికి రాగానే వెనక్కి తిరిగి గడియ వేశాడు. ఓనరు కొడుకు, చినబాబు. తండ్రి పోయాక షెడ్డు అతనిదే. మనిషి దిట్టంగా ఉన్నాడు. కుడి పిడికిలికి రెండు చుట్లు చైను చుట్టుకుని, మిగతాది వదిలేశాడు.

"మా నాన్న బండికి బేరాలు సాగుతున్నాయని తెలిసింది. నాకు చెప్పాలనిపించలేదా, ఒంటిచెవి?"

"మీ నాన్నే ఇచ్చాడు బాబూ. జీతం కింద."

"కాయితం ఉందా? లేదుగా. నాన్నని పడేసిన బండి ఇది. ఆయన మోచెయ్యి చచ్చేదాకా వంగలేదు. చేసిన ఎదవ పనికి జీతం కూడానా?"

అంటూనే బండిని కాలితో తన్నాడు. అది పక్కకి ఒరిగి దభీమని పడింది. క్లచ్ లివరు విరిగి, ముక్క ఎగిరి గోడకి తగిలింది. "అయ్యో, బండిరా" అంటూ అన్న వంగి హ్యాండిల్ పట్టుకున్నాడు. చినబాబు ఆ వంగిన వీపు మీద చైనుతో కొట్టాడు.

తడిగుడ్డని బండకేసి బాదినట్టు మోగింది. రెండో దెబ్బకి చొక్కా మీద ఎర్రగా చార తేలింది. అన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. కూతురు అడ్డం వెళితే చినబాబు ఎడమ చేత్తో నెట్టేశాడు. ఆమె రేకుల మీద వెళ్లి పడింది, పెదవి చిట్లింది. మూడో దెబ్బ పడుతుంటే అన్న వీపు దాచుకోలేదు, తల దాచుకోలేదు. రెండు చేతులూ కుడి చెవి మీద గట్టిగా మూసుకున్నాడు. మిగిలిన ఒక్క చెవి మీద.

అది చూశాక వెల్డరు ఆనాటిలా గోడకి ఆనుకుని నిలబడలేకపోయాడు.

"ఆ రోజు నూనె కలిపింది నేను" అన్నాడు. ఇరవై రెండేళ్లు నాలుక మీద మోసిన మాట, ఇంత చిన్నగా బయటికి వచ్చిందేమిటా అనిపించింది.

చినబాబు ఆగి, ఇటు తిరిగాడు. "ఏంటీ?"

"అన్న కాదు, నేను. కొట్టాలంటే నన్ను కొట్టు."

"అట్లా చెప్పు. అయితే నీ వాటా ఉండిపోయిందన్నమాట" అని నవ్వి, చైను విసిరాడు.

వెల్డరు ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. చైను అరచేతికి చుట్టుకుంది. చిటికెన వేలు, దాని పక్క వేలు పుల్లల్లా విరగడం ముందు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. చైను వదల్లేదు. దాన్ని పట్టుకునే బలంగా లాగాడు. రెండో కొస పిడికిలికి చుట్టుకుని ఉండటంతో చినబాబు విడిపించుకోలేక, తూలి, పడున్న బండి మీదే బోర్లా పడ్డాడు. వెల్డరు వాడి నడుం మీద మోకాలేసి, చైను పట్టిన ఆ కుడిచేతిని మణికట్టు దగ్గర అందుకుని, పొగ గొట్టానికి అదిమాడు.

చర్మం సుయ్యిమంది. చినబాబు అరుపు మనిషి అరుపులా లేదు. కాలిన చర్మం వాసన వెల్డరుకి కొత్త కాదు, తన చేతుల మీదే ఎన్నో మచ్చలున్నాయి. ఎంతసేపటికి బొబ్బ లేస్తుందో, ఎంతసేపటికి మాంసం దాకా దిగుతుందో అతనికి తెలుసు. ఒకటి అనుకునేసరికే వాడి పిడికిలి విడిపోయింది, చైను జారిపోయింది. అక్కడ వదిలేయొచ్చు. వదల్లేదు. రెండు, మూడు. కింద వాడి ఒళ్లు చేపలా కొట్టుకుంటోంది. నాలుగు, ఐదు.

"నాన్నా, చాలు. వదిలెయ్ నాన్నా."

కూతురి గొంతు వినపడింది. ఆరు. ఏడు. అప్పుడు వదిలాడు.

చినబాబు లేచి, గేటు దాకా వెళ్లి, రేకు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. గడియ తీయడానికి కుడి చెయ్యి రాలేదు. వెల్డరే వెళ్లి తీశాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కూతురు చున్నీ చింపి తండ్రి వేళ్లకి పుల్ల పెట్టి కట్టింది. కడుతున్నంతసేపూ తల ఎత్తలేదు. వెల్డరు తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. పొద్దున దీపం వెలిగించింది ఈ చేత్తోనే. ఒకటి దగ్గర ఆగకుండా ఏడు దాకా పోయింది కూడా ఈ చెయ్యే. మొదటి లెక్క అన్నని కాపాడటానికి. మిగతా ఆరూ ఎవరి కోసం? దేవుడు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఆరు లెక్కల్లోనూ ఒంట్లో ఏదో హాయి ఉందని మాత్రం తెలుసు. ఆ చేతిని చొక్కాకేసి తుడుచుకున్నాడు.

అన్న ముక్కుతూ లేచి ఇంట్లోకి వెళ్లాడు. వచ్చేటప్పుడు చేతిలో పాత పిస్టను, మేకులు వేసుకునే గిన్నెలా వాడుతున్నట్టున్నాడు. మేకులు కింద ఒలకబోసి, దాన్ని వెల్డరు ఒళ్లో పెట్టాడు.

"ఏం చెప్పావురా ఇందాక? నూనె కలపలేదనా?"

"కలిపానో లేదో నాకే తెలీదన్నా."

"ఇంతేళ్లూ ఇదా మోస్తున్నావు?" అన్న పిస్టను మీద వేలు పెట్టి చూపించాడు. "ఆ రోజు పట్టేసిన పిస్టనే ఇది. నూనె లేక పట్టేస్తే చుట్టూ గీతలుంటాయి. ఇక్కడ గీతలున్నాయా? పైన చూడు, తెల్లగా కాలి, చిల్లు పడింది. గాలి ఎక్కువై కాలింది. కార్బొరేటర్ వెనక రబ్బరు గొట్టం చీలితే నేనే టేపు చుట్టాను. ఒక్క పందానికి ఆగుతుందిలే అనుకున్నా. ఆగలేదు. నూనె పోశావురా నువ్వు, గీత దాకా పోశావు."

"మరి నువ్వు 'నేనే' అన్నావుగా?"

"తప్పు నాదే కదా, ఇంకేమంటాను? నిన్ను కాపాడాననుకున్నావా?" నవ్వబోతే వీపు మండి ఆగాడు. "నువ్వు వీధి దాటిపోతుంటే, నా పనితనం తెలిసి అసహ్యించుకుంటున్నావేమో అనుకున్నా. నేనే పిలిచి చెప్పాల్సింది."

వెల్డరు పిస్టనుని తిప్పి తిప్పి చూశాడు. ఇరవై రెండేళ్ల బరువు దిగిపోవాలి. పూర్తిగా దిగలేదు. "తప్పు నాది కాదని అప్పుడు నాకు తెలీదన్నా. నాదే అనుకున్నాను. అనుకుని కూడా నోరు మూసుకున్నాను."

అన్న బండి వైపు చూపించాడు. "ఇప్పుడు చెప్పు ధర. చెవి సంగతి తేలిపోయిందిగా."

ఈసారి వెల్డరు బండినే చూశాడు. "యాభై ఐదు. ముందు ఫోర్కు సీళ్ల దగ్గర నూనె కారుతోంది, రెండు తగ్గించు. నీ అతుకు నేను మళ్లీ వేసుకోవాలి, ఒకటి."

"అతుక్కి వెయ్యా? సరేలే."

"లివరూ, వంగిన హ్యాండిలూ?" అంది కూతురు. అంతసేపటికి ఆమె మాట్లాడింది.

"అది నేను తన్నలేదమ్మా."

"మేమూ తన్నలేదు పెదనాన్నా. చెరి సగం."

యాభై ఒకటిన్నర దగ్గర కుదిరింది. ఆమె లెక్కపెట్టి ఇచ్చింది. అన్న వంద వెనక్కి ఇచ్చి, పెదవికి మందు కొనుక్కోమన్నాడు.

బండిని నిలబెట్టి చూస్తే పెట్రోలు ఒలికిపోయింది. అన్న మూల నుంచి లీటరు సీసా, నూనె డబ్బా తెచ్చాడు. కొలవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ వెతుకుతున్నాడు. వెల్డరు ఆయన కుడివైపుకి వెళ్లి, జేబులోంచి గుడ్డ మూట తీసి, ఒంటి చేత్తో విప్పాడు.

అన్న గ్లాసుని వెలుతురుకి పెట్టి, లోపలి గీతని బొటనవేలితో రుద్దాడు.

"నా గ్లాసు" అన్నాడు. "ఒక్క పూటకని తీసుకెళ్లావు."

నూనె వంచాడు. అది నెమ్మదిగా లేచి, గీతని తాకి నిలిచింది.