ఒక్క గోలీ వైద్యం

పరాయి రాష్ట్రాన, లింబాయత్‌లోని ఆ మగ్గాల కార్ఖానాలో జ్వరానికి సెలవు లేదు, గోలీ ఉంది. పని చూసే మాస్టర్ దశరథ దగ్గర ఒక స్టీలు డబ్బా, దాని నిండా ఎరుపూ నలుపూ క్యాప్సూళ్లు. దగ్గొచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, ఒళ్లు కాలిపోతున్నా ఒకటే వైద్యం: ఒక్క గోలీ, పైన ఇంత చాయ్, మళ్లీ పని. రెండోది అడిగితే ఇవ్వడు. నాగా పెడతానంటే ఒప్పుకోడు. నాగాను అక్కడ ఖాడా అంటారు. నెలలో మూడు ఖాడాలు పడితే మనిషిని మార్చేస్తారు. దశరథ సిరిసిల్ల నుంచి వచ్చిన మనవాడే కదా, కాస్త జాలి ఉంటుందనుకున్న వాళ్లకు బాగానే బుద్ధొచ్చింది.

మగ్గాలకు దారం కండెలు చుట్టే భాగీరథి పద్దెనిమిదేళ్లుగా ఆ గోలీలు మింగింది. పోయిన చలికాలం ఆమెకు మూత్రంలో మంట మొదలై, వణుకుడు జ్వరంగా ముదిరి, ఆసుపత్రి పాలు చేసింది. రెండు రకాల మందులు ఎక్కించినా జ్వరం దిగలేదు. మూడో ఇంజెక్షన్ పనిచేయబట్టి బతికి బట్టకట్టింది.

అక్కడి డాక్టర్ హిమశ్రీ తెలుగు పిల్ల. మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది.

"మన అందరి పేగుల్లోనూ కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయమ్మా. మనకేమీ హాని చేయవు. మీరు జలుబుకీ దగ్గుకీ ఆ యాంటీబయాటిక్ గోలీ ఒక్కోటి వేసుకున్నప్పుడల్లా వాటిలో లొంగేవి చచ్చాయి, మొండివి మిగిలాయి. మందుకు లొంగని ఆ విద్యను అవి రోగాలు తెచ్చేవాటికి కూడా అందిస్తాయి. మీకు జరిగిందీ అదే కావచ్చు. ఇక మీకు పనిచేసే మందులు కొన్నే ఉన్నాయి. డాక్టర్ చెప్తేనే, చెప్పినన్ని రోజులూ వేసుకోండి. జలుబుకి అసలే వద్దు."

భాగీరథికి కోపం ముంచుకొచ్చింది. రోగం మీద కాదు, ఆ డబ్బా మీద.

ఈ సోమవారం పొద్దున ఆమెకు మళ్లీ జలుబు. ఒళ్లు వెచ్చబడింది, కాళ్లు లాగేస్తున్నాయి. ఈ నెలలో అప్పటికే రెండు ఖాడాలు పడ్డాయి. మగ్గాల రొదలోనే దశరథ వచ్చి డబ్బా మూత తీసి, ఒక గోలీ ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఏస్కొని కూసో."

"నాకద్దన్నా. జలుబుకు గిది పనిచెయ్యదట. జర ఇంటికి పోయి పండుకుంట."

"ఇన్నేండ్లు మింగినవ్, ఇయ్యాల ఏమైంది?"

డాక్టరమ్మ చెప్పిందంతా ఆమె తనకు వచ్చినట్టు చెప్పింది. సూక్ష్మజీవులు ఆమె నోట పురుగులయ్యాయి. ఆ మాట వినగానే దశరథ పకపకా నవ్వాడు.

"కడుపుల పురుగులైతే ముందే చెప్పరాదు? నులిపురుగుల గోలీ గూడ ఉన్నది నా తాన!"

పక్కన కండెలు చుడుతున్న నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుందో, దగ్గు ఆపుకుందో తెలియదు. భాగీరథికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. చావు తప్పి వచ్చిన మనిషిని పట్టుకుని నవ్వులాటా వీడికి!

"గవి నులిపురుగులు కావు. ఎవ్వల జోలికి పోకుండ నా కడుపుల బతికేటివి. మంచిగున్నవాటిని నీ గోలీలే మొండిగ చేసినయ్. మల్ల రోగమొస్తే ఏ మందు పనిచేస్తది నాకు? నువ్వొచ్చి బతికిస్తవా?"

దశరథ నవ్వు ఆగిపోయింది.

"మూడో ఖాడా పడ్తది. రేపు నీ జాగల ఇంకొకామె కూసుంటది. సోచాయించుకో."

 ఈ వయసులో భాగీరథిని కొత్తగా ఎవరు పనిలో పెట్టుకుంటారు? భయపడింది, నిజమే. అయినా లేచి నిలబడింది. గోలీని తిరిగి డబ్బాలో పడేసి, మూత తనే బిగించింది.

"రాసుకో ఖాడా. నీ గోలీలు తిని తిని నా కడుపుల పురుగులు గూడ ఎదురు తిరుగుడు నేర్సుకున్నయ్ అన్నా. నాకే ఇన్నేండ్లు పట్టింది."