ఓదెలు బర్రెల జోస్యం

మూసీ ఒడ్డును ఆనుకుని ఉన్న చిన్న గల్లీ అది. పేరుకు పాతబస్తీయే గానీ, ఇళ్ల ముందు బర్రెలు, గోడల నిండా పిడకలు, ఎవరింట్లో కూర మాడినా అందరికీ తెలిసిపోయే పల్లెటూరు. ఆ ఊరికి వరద పెద్దమనిషి ఓదెలు. ఆ పదవి అతనికి ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు.

వానాకాలంలో మూసీ కాస్త పొంగితే చాలు, జనం వచ్చి అతన్ని అడిగేవారు. ఓదెలు ఆకాశం వంకా చూసేవాడు కాదు, ఫోన్ వంకా చూసేవాడు కాదు. కొట్టంలోకి వెళ్లి బర్రెల వంక చూసేవాడు. అవి నిమ్మళంగా నెమరేస్తుంటే వరద రానట్టు. తాడు గుంజుకుంటూ లేచి నిలబడితే వచ్చినట్టు. ఇది మా తాత చెప్పిన లెక్క అనేవాడు. నిజానికి ఆ తాత పాలల్లో నీళ్ల లెక్క తప్ప మనవడికి ఇంకేమీ చెప్పలేదు.

ఇన్నేళ్లూ గల్లీలోకి నీళ్లు రాలేదు కనుక జోస్యం తప్పలేదు. తప్పకపోవడాన్ని ఓదెలు తన తెలివి కింద జమ వేసుకున్నాడు.

ఒక రోజు పైన జలాశయం గేట్లు ఎత్తారని పొద్దున్నే ఫోన్లలో వచ్చింది. మధ్యాహ్నానికి నీళ్లు ఒడ్డు దాటి కొట్టంలోకి చేరాయి. భార్య రాజమణి బియ్యం మూట నెత్తికెత్తుకుని, దాణా బకెట్ చేత పట్టుకుని నిలబడింది.

"ఇగనన్న నడువు."

"ఆగవే. బర్రెలను సూడు, ఎంత నిమ్మళంగ పండుకున్నయో."

"నీళ్లల్ల పండుకున్నయ్!"

"నేన్ జెప్పేది గదే. ఫికర్ ఉంటె పండుకుంటయా?"

రాజమణి అతని మొహంలోకి ఓసారి చూసి, మెరక మీదున్న సడక్కు వెళ్లిపోయింది. ఆమె వెనకే తక్కినవాళ్లూ సామాన్లు సర్దుకుని కదిలారు. ఓదెలు అరుగు మీద నిలబడి, ఉత్త పిరికిజనం అని మనసులో తిట్టుకున్నాడు.

ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. ఎదురింటి ఖైసర్ బేగం. మోకాళ్లు పట్టేసిన ముసలావిడ. చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పనిచేసే కొడుకు నజీర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు, ఆటో ఎక్కి దబీర్‌పురాలో చెల్లెలింటికి పొమ్మని. "ఓదెలు పోతె నేను పోత," అంటోంది ఆమె. ఆ మాట చెవిన పడగానే ఓదెలు ఛాతీ ఉబ్బింది. ఒక్కరైనా నమ్మారు!

ఉబ్బిన ఛాతీ దిగకముందే నీళ్లు మోకాళ్లకొచ్చాయి. కాసేపటికి తొడలకొచ్చాయి. బర్రెలు మాత్రం ముక్కులు పైకి పెట్టి, కళ్లు అరమోడ్చి హాయిగా మునిగి ఉన్నాయి. అప్పుడు వెలిగింది ఓదెలుకు. బర్రెకు నీళ్లంటే ప్రాణం. వరదొస్తే అది భయపడదు, పండగ చేసుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ బర్రెల మధ్య పెరిగినవాడు, ఎండాకాలంలో వాటిని నీళ్లలోంచి బయటికి తోలలేక నానా తిప్పలు పడ్డవాడు, ఇంత చిన్న సంగతి మరిచిపోయాడు. నాకంటే వీటిని కట్టేసిన గుంజ నయం అనుకున్నాడు. గుంజ కనీసం ఎవరికీ సలహాలివ్వదు.

అంతలో ఖైసర్ బేగం గుర్తొచ్చింది. తన బడాయిని నమ్మి ఆమె ఇంట్లో కూర్చుంది.

తాళ్లన్నీ కోసేసి, బర్రెల్లో పెద్దదైన చాందినిని పట్టుకుని ఎదురింటికి పడుతూ లేస్తూ వెళ్లాడు. లోపల మంచం నీళ్లలో ఉంది, ఆమె మంచం మీద ఉంది. గుమ్మం దాకా ఎత్తుకొచ్చి చాందిని వీపు మీద కూర్చోబెట్టాడు.

"గట్టిగ పట్టుకో ఖాలా."

గల్లీ సగం దాటేసరికి చాందిని ఆగింది. చల్లటి నీళ్లు హాయిగా తగిలాయేమో, ముందుకాళ్లు మడవబోయింది. అది కూర్చుంటే ఖాలా దక్కదు. ఓదెలు తిట్టాడు, బతిమాలాడు, తోక మెలిపెట్టాడు. చివరికి సిగ్గు విడిచి గొంతెత్తి ఏడ్చాడు. సడక్ మీది జనం ఫోన్లెత్తి వీడియో తీసుకున్నారు.

రాజమణి ఆ పని చేయలేదు. చేతిలో ఉన్న బకెట్ మీద దబదబా కొట్టింది, రోజూ దాణా వేళ కొట్టినట్టే. చాందిని చెవులు లేచాయి, ఆ వెంటనే కాళ్లూ లేచాయి. దాని వెనకే తక్కిన బర్రెలన్నీ, వాటి వెనక తోక పట్టుకుని ఓదెలు, సడక్ ఎక్కారు.

ఖైసర్ బేగంను దించి, ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తప్పు నాదే ఖాలా. నా మాట నమ్మి ఉండిపోయినవ్. మాఫ్ చెయ్యి."

ఆమె తడిసిన దుపట్టా పిండుకుంటూ, "నీ మాట నేనెన్నడు నమ్మిన?" అంది.

"మరెందుకు పోలే?"

"అందరు పోయిన్రు. నువ్వొక్కనివే ఉంటివి. ఎవ్వరు జెప్పినా వినవు. నన్ను తీస్కపోయేటందుకన్న బయటికొస్తవని కూసున్న, బేటా."

ఆ నీళ్లలో అడుగడుగునా ఓదెలు, తను ఒక ప్రాణం కాపాడుతున్నాననే అనుకుంటూ వచ్చాడు. రాజమణి ఇద్దరి మీదా ఒకటే దుప్పటి కప్పి, ఛాయ్ తేవడానికి వెళ్లింది.