ఏదులబండోళ్ళంతా అన్నదమ్ములేనా?

మా అక్క నిర్మల పెళ్ళి మాటలు చాయ్ గ్లాసుల దగ్గరే ఆగిపోయాయి. తాగడం కూడా కాలేదు!

కందుకూరు నుంచి వచ్చిన పెంటయ్య, అంటే పిల్లవాడి నాన్న, గడప దాటుతూనే మా బాపును "ఏం బావా, మంచిగున్నవా" అని భుజం పట్టుకుని ఊపేశాడు. బాపు పొంగిపోయాడు. పిల్లవాడు రాజశేఖర్, అక్క ఇద్దరూ శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో ఒకే షిఫ్టు. ఏడాదిగా ఇష్టపడుతున్నారు, రెండిళ్ళలోనూ చెప్పేశారు, కులం కూడా ఒకటే, ఇంక మిగిలింది ముహూర్తం ఒక్కటే అని అమ్మ పొద్దున్నుంచీ గారెలు వేస్తూనే ఉంది. అప్పుడు వాళ్ళతో వచ్చిన కులపెద్ద కుర్మయ్య తాత చాయ్ ఊదుకుంటూ, "ఇంతకూ మీ ఇంటిపేరేందయ్యా ముత్తయ్యా?" అన్నాడు.

"ఏదులబండ" అన్నాడు బాపు.

తాత గ్లాసు కింద పెట్టేశాడు. పెంటయ్య మా బాపు వైపు చూశాడు. ఇప్పటిదాకా బావా బావా అన్న ఆ నోటితోనే, "మాది గూడ గదేనే, అన్నా" అన్నాడు.

అన్నా! ఆ ఒక్క మాటతో మా అక్క వాళ్ళ కొడుక్కి చెల్లెలైపోయింది.

మాలో గోత్రం ఎవరూ అడగరు. ఇంటిపేరే లెక్క. ఇంటిపేరు ఒకటైతే ఒకే రక్తం, ఒకే రక్తమైతే అన్నాచెల్లెలు, అంతే, ఇంకో మాట లేదు. వాళ్ళు గారెలు కూడా ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయారు. అక్కకీ రాజశేఖర్‌కీ ఈ సంగతి ముందే తెలుసట. తెలియకుండా ఎలా ఉంటుంది, మెళ్ళో బ్యాడ్జీ మీదే ఉంటుంది కదా! కానీ చెబితే రెండు కుటుంబాలూ ఒకరినొకరు చూసుకోవడానికి కూడా ఒప్పుకోవని, ముందు కలిస్తే తర్వాత ఏదో ఒకటి అవుతుందని ఆశపడ్డారు. అక్క ఆ సాయంత్రం గారెలన్నీ డబ్బాలో సర్ది మూత పెట్టింది. ఏడవలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నా పేరు స్రవంతి. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ రాజేంద్రనగర్‌లో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను కాబట్టి ఊళ్ళో నన్ను పట్నం పిల్ల అనేవాళ్ళు. మాకు ఊరంటూ ఉన్నప్పటి మాట అది. మా ఊరు, పొలాలతో సహా, ఎయిర్‌పోర్టు కిందకి పోయింది. మమ్మల్ని రోడ్డు ఇవతల కాలనీలో పెట్టారు. బాపు ఇప్పుడు ఎయిర్‌పోర్టు లోపలే కాంట్రాక్టరు దగ్గర గడ్డి కోసే పని చేస్తాడు. ఇంత పోగొట్టుకున్న మనిషికి మిగిలిందే ఆ ఇంటిపేరు. అదీ ఇప్పుడు కూతురి పెళ్ళికి అడ్డం!

సరే, ఒకే రక్తం అంటున్నారు కదా, చూద్దాం అనుకున్నాను. ఫేస్‌బుక్‌లో తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో ఏదులబండ అని కొట్టాను. ఎంతమంది ఉంటారు, మేమూ కందుకూరు వాళ్ళూ అంతే అనుకున్నా. కాదు! భీవండిలో మరమగ్గాల మీద పనిచేసే ఒక సాలె కుటుంబం, మహేశ్వరంలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్నదమ్ములు, దుబాయ్‌లో లిఫ్టులు బిగించే ఒకాయన, ముంబైలో ఒక నర్సు. అందరికీ మెసేజ్ పెట్టాను, కొందరికి ఫోన్ చేశాను, దుబాయ్ ఆయనైతే నేను ఏదో చీటింగ్ అనుకుని తిట్టాడు కూడా. ఒక్కొక్కరిదీ ఒక్కో కులం. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో దేవుడు. కానీ అందరూ ఒకే మాట చెప్పారు: మా ముత్తాతల కాలంలో శంషాబాద్ వైపు నుంచి వచ్చామట. మ్యాప్‌లో చుక్కలు పెట్టుకుంటూ పోతే అన్నీ మా కాలనీ చుట్టూనే మొదలై ఒక్కో దిక్కుకి పారిపోయినట్టు కనిపించాయి.

పారిపోయినట్టు ఏమిటి, నిజంగా పారిపోయారు. అది నాకు చెప్పింది జల్‌పల్లిలో పంక్చర్లు వేసే అజీజ్ చిచ్చా. ఆయన దుకాణం బోర్డు మీద 'ఏదులబండ టైర్ వర్క్స్' అని రాసి ఉంది. అది చూసి నేను ఆటోలోంచి దాదాపు దూకేశాను.

"గదా, మా దాదా చెప్పెటోడు బేటా" అన్నాడు చిచ్చా, ట్యూబును నీళ్ళ తొట్లో ముంచి బుడగలు చూస్తూ. "ఏదుపందులు తిరిగే పెద్ద బండ, దాని పొంటి చిన్న ఊరు. ఒక యాడాది గత్తరొచ్చింది. వాంతులు, బేదులు, పొద్దుగూకే వరకు మనిషి ఖతం. బతికినోళ్ళు యాడ దొరికితే ఆడికి ఉరికిండ్రు. ఈడికొచ్చినంక మా దాదా పేరు ఎవడడిగిండు? యాడికెల్లొచ్చినవ్ర అన్నరు. ఏదులబండ అన్నడు. గంతే, గదే పేరై కూసుంది."

"అంటే మనం చుట్టాలం కాదా చిచ్చా?"

"చుట్టాలమైతే మీ బాపు ఒక్క దావత్‌కన్న పిలుస్తుండె గద!" అని పకపకా నవ్వాడు.

ఆ బండ ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ లోపల ఎక్కడో ఉందట. ఉంటే ఉంది, లేకపోతే లేదు. నాకు కావాల్సింది దొరికింది. ఏదులబండ అనేది మనుషులు వదిలేసి వచ్చిన ఊరు. ఆ ఊరు వదిలిన వాళ్ళంతా ఒకే తల్లి కడుపున పుట్టారా?

నేను బాపును పట్టుకుని కూర్చున్నాను, అక్క అన్నం మానేసి కూర్చుంది, చివరికి బాపు ఫోన్ చేశాడు. ఆదివారం కందుకూరులో పెంటయ్య ఇంటి వాకిట్లో కూర్చున్నాం. మేం నలుగురం, రాజశేఖర్, పెంటయ్య, కుర్మయ్య తాత. రాజశేఖర్ వాళ్ళ అమ్మ రుక్కమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నేను నోరు తెరవగానే అమ్మ నా తొడ మీద గిల్లింది. నేను ఆగలేదు. గత్తర, భీవండి, ఇస్త్రీ బండి, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. కోపం వస్తే నాకు పట్నం తెలుగు రాదు, ఇంటి మాటే వస్తుంది.

"గా జల్‌పల్లి అజీజ్ చిచ్చాది గూడ మన ఇంటిపేరే తాతా. మల్ల ఆయన పెంటయ్య మామకు అన్ననా, తమ్ముడా?"

"తుర్కోళ్ళ ముచ్చట ఏరు పిల్లా" అన్నాడు పెంటయ్య.

"అయితే మన ముచ్చటనే చెప్పు. మీకు ఇలవేల్పు మల్లన్న. మాకు ఎల్లమ్మ. మా నాయనమ్మ చచ్చిపోతే మీరు మైల వట్టిండ్రా? కనీసం తానం జేసిండ్రా? మీ అయ్య పోయిననాడు మా ఇంట్ల కోడికూర వండుకున్నమేమో, ఎవలకెరుక! సావుకు లేని రక్తం లగ్గానికి యాడికెల్లొచ్చింది?"

కుర్మయ్య తాత గడ్డం గోక్కున్నాడు. నాకు ఇంకా ఊపొచ్చింది.

"మా కాలనీకొచ్చి సూడు తాతా. అన్ని కులాలోళ్ళున్నరు. పక్క ఊరోళ్ళు మమ్ముల ఏమంటరు ఎరికేనా? ఎయిర్‌పోర్టోళ్ళు! కిరాణం షాపుల గదే, బడిల సార్లు గదే. మా బాపుని ఎయిర్‌పోర్టు ముత్తయ్య అంటరు. రేపు మా మనుమలకు గదే ఇంటిపేరైతది. అప్పుడు నీ అసుంటి తాత ఒకడొచ్చి, ఎయిర్‌పోర్టోళ్ళంత అన్నదమ్ములు, మీల మీకు లగ్గాలు లేవు అంటే, వాడిని ఏమనాలె?"

రాజశేఖర్ ఫక్కున నవ్వి, వాళ్ళ నాన్న చూపు చూసి ఆపేసుకున్నాడు.

"నిజమే బిడ్డా" అన్నాడు కుర్మయ్య తాత. "సదువుకున్న పిల్లవు, మంచిగ జెప్పినవ్. మీరు మీరు ఒక్క రక్తం గాదు. నాకు గూడ సమజైంది."

నాకు గెలిచేశాననిపించింది.

"కని నిజమైతే ఏంది?" అన్నాడు తాత. "పందిట్ల అయ్యగారు రెండు దిక్కుల ఒక్కటే ఇంటిపేరు సదివితే, వచ్చినోళ్ళు నీ గత్తర ముచ్చట ఇంటరా? నవ్వి పోతరు. దానికొక తొవ్వ ఉన్నది. పిల్లను మేనమామకు పెంపకం ఇచ్చెయ్యుండ్రి. రాజేంద్రనగర్ మేనమామ, ఆయన భార్య పీటల మీద కూసోని పిల్లగాని కాళ్ళు కడుగుతరు. పత్రిక మీద గూడ ఆయన ఇంటిపేరే కొట్టిద్దాం. ముత్తయ్య జర పక్కకుంటడు. ఒక్క పూట ముచ్చట."

నిజమే అన్నాడు! ఒప్పుకున్నాడు! ఒప్పుకుని కూడా మా బాపును సొంత కూతురి పెళ్ళిలో పక్కకు ఉండమంటున్నాడు, బూందీ వడ్డించే వాళ్ళతో పాటు! అబద్ధం అన్నా బాగుండేది, ఇంకో చుక్క వెతికి తెచ్చేదాన్ని. నిజమని ఒప్పుకున్న మనిషికి ఇంకేం చూపించాలి?

బాపు తన చేతులు చూసుకున్నాడు. గడ్డి కోసి కోసి ఆ వేళ్ళ సందుల్లో పసరు మరకలు పోవు. "నా బిడ్డ సుఖంగుంటె సాలు. నేను యాడుంటె ఏంది" అన్నాడు. నాకు బాపు మీద కూడా కోపం వచ్చింది. భూమి ఇవ్వమంటే ఇచ్చాడు, ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేశాడు, ఇప్పుడు నాన్నగా కూడా ఖాళీ చేసెయ్యమంటే సరే అంటున్నాడు.

అప్పుడు అక్క మాట్లాడింది. వచ్చిన దగ్గర్నుంచీ అదే మొదటి మాట.

"ఒక్క పూట ముచ్చటనేనా తాతా?"

"ఒక్క పూటనే బిడ్డా."

"మల్ల ఏం ఫరక్ పడదు గద?"

"ఏం పడదు. ఎట్లయిన లగ్గమైతె నీ ఇంటిపేరు మారేటిదే గద."

"అయితే రాజును ఇచ్చెయ్యుండ్రి వాళ్ళ మేనమామకు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పెంటయ్య కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"ఏం మాట్లాడుతున్నవే! మొగపిల్లగాడు ఇంటిపేరు ఇడుస్తడా?"

"ఒక్క పూటనే గద మామా" అంది అక్క, గొంతు పెంచకుండా. మామా అంది. నొక్కి అంది.

"ఆడపిల్లది ఏరు బిడ్డా..." అని తాత మొదలుపెట్టాడు.

"ఏం ఏరు?" అని అరిచేశాను నేను. "పిల్ల మారితే ముచ్చట, పిల్లగాడు మారితే ఇజ్జతా? ఇప్పుడే గద ఏం ఫరక్ పడదన్నవ్!" అని రాజశేఖర్ వైపు తిరిగాను. అతను ఫోన్ చూసుకుంటున్నాడు. కోపంతో నా తల పగిలిపోయేలా ఉంది. "బావా, నీకు నోరుందా, కార్గోల వెట్టి వచ్చినవా? ఏడాది సంది మా అక్కతోని తిరిగెటప్పుడు లేదా ఈ ఫోను?"

రాజశేఖర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. అక్క వైపు చూశాడు. అక్క అతనికి ఏ సైగా చెయ్యలేదు, బతిమాలలేదు.

"నేను పోత" అన్నాడు. "జంగయ్య మామ పేరు మీద చేసుకుంట."

"నాకున్నది ఒక్కడే కొడుకు!" పెంటయ్య గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "నా ఇంటిపేరు ఎవడు నిలబెడతడ్రా? మా అయ్య పేరు, మా తాత పేరు..."

"ఓ, సాలు తియ్యి." గుమ్మంలోంచి రుక్కమ్మ అంది. చేతిలో గరిటె ఉంది. "నా తమ్ముని ఇంటిపేరుకు ఏం రోగమొచ్చింది? గా ఇంట్లనే గద నేను పుట్టింది. లగ్గం నాడు నన్ను నీ పేరుల కలుపుకున్నవ్, మా అయ్య ఏమన్న అన్నడా? నా పేరు నిలబెట్టనీకె ఎవడన్న వచ్చిండా?"

"నువ్వు లోపటికి పో."

"పోను. తాతా, నువ్వు చెప్పు. ఒక్క పూట ముచ్చటన్నవ్, అవునా కాదా?"

కుర్మయ్య తాత మా అందర్నీ వరసగా చూశాడు. "గిసుంటి ఆడోళ్ళను నేను సూడలే" అని గొణిగాడు. తర్వాత, "ఆ జంగయ్యకు ఫోన్ గొట్టుండ్రి" అన్నాడు. పెంటయ్య చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను ఇంకోసారి గిల్లింది, ఈసారి మెల్లగా.

పెళ్ళి శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో అయింది. పత్రిక మీద మా వైపు ఏదులబండ, వాళ్ళ వైపు జంగయ్య ఇంటిపేరు. పెంటయ్య వచ్చాడు, కానీ స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మా ఎవరితోనూ మాట్లాడలేదు. అయ్యగారు పిల్లవాడి ఇంటిపేరు చదవగానే వెనక ఎవరో, "అగో, జంగయ్యకు ఇంత పెద్ద కొడుకు ఎప్పుడు పుట్టిండే?" అని గట్టిగా అన్నారు. హాలంతా నవ్వు. తాత భయపడ్డ నవ్వు అదే. నవ్వారు, తర్వాత బగారన్నం ఎప్పుడు పెడతారని అడిగారు. ఈ నవ్వు కోసమా ఇదంతా? ఎవరి పేరూ మార్చకుండా చేసుకున్నా ఇంతే నవ్వేవాళ్ళు కదా! నాకు అక్కడ కూడా పళ్ళు నూరాలనిపించింది.

బాపు పీట మీద కూర్చున్నాడు. కొత్త ధోవతి అలవాటు లేక రెండుసార్లు సర్దుకున్నాడు. అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఇత్తడి పళ్ళెంలో రాజశేఖర్ పాదాలు పెట్టుకుని కడగడం మొదలుపెట్టాడు. మడమలు, వేళ్ళు, మళ్ళీ మడమలు. పళ్ళెం నిండి నీళ్ళు ధోవతి మీదకి పొర్లాయి.

"ఇగ సాలు ముత్తయ్యా" అన్నారు అయ్యగారు.

బాపు వినిపించుకోలేదు. "పొయ్యి" అన్నాడు అమ్మతో.