మూడో లైను దగ్గర ఆగే పాట

రండమ్మా రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ మిక్సీ ఆపండి. కుక్కర్ మూడు కూతలు వేసిందా నాలుగా అని లెక్కపెట్టడం మానండి, పప్పు ఉడికిందో లేదో తర్వాత చూసుకుందాం. కిటికీ పక్కన కూర్చుని కోడలి మీద చెప్పుకుంటున్న ఇద్దరూ, మీ కోడలు ఎక్కడికీ పోదు, ఒక్క పావుగంట నోరు కట్టేసుకోండి. నేను చెప్పేటప్పుడు ఎవరైనా మధ్యలో మాట్లాడితే నాకు దారి తప్పుతుంది. దారి తప్పానంటే కాజీపేట దాకా వెళ్లిపోతాను, వెనక్కి రావాలంటే మళ్లీ సాయంత్రం పాసింజరే గతి.

నా పేరు దేవకృప. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పక్క క్వార్టర్స్‌లో ఉంటాను. మెట్టుగూడలో ఒక మేడ మీద చిన్న రేడియో స్టేషన్ ఉంది. సర్కారుది కాదు, సినిమా పాటలదీ కాదు, చుట్టుపక్కల బస్తీల వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే రేడియో. అక్కడ ఊడ్చి, తుడిచి, టీ పెట్టే పని నాది. బడి మొహం చూడలేదు. నోరు మాత్రం దేవుడు ఇద్దరికి సరిపడా ఇచ్చాడు. మా వీధిలో నన్ను కోతల కృప అంటారు. మా అత్త నన్ను ఒక్క కేక వేస్తే స్టేషన్ బయట గూడ్సు బండి ఆగిపోయిందనీ, డ్రైవరు దిగొచ్చి "పిలిచారా అమ్మా?" అని అడిగాడనీ చెప్పింది నేనే. నా చేపల పులుసు వాసనకి బాపట్ల సముద్రం బయల్దేరి ఉప్పల్ దాకా వచ్చి, ట్రాఫిక్ చూసి వెనక్కి పోయిందని చెప్పిందీ నేనే. ఇప్పుడు చెప్పబోయేదాంట్లోనూ కోతలుంటాయి. ఒక్క చోట మాత్రం ఉండవు. ఎక్కడో మీకే తెలుస్తుంది.

ఒక రోజు పొద్దున స్టూడియో నేల తుడుస్తున్నాను. ఆ గదికి గోడల నిండా మెత్తలే, మన మాట మనకే కొత్తగా వినిపిస్తుంది. అందులో ఒక నల్ల డబ్బా ఉంది. రేడియోలో ఏడు సెకన్లు చప్పుడు లేకపోతే ఏదో చెడిపోయిందనుకుని, ఎవరినీ అడక్కుండా దోమల ప్రకటన వేసేస్తుంది. ఒకసారి ఒక పెద్దాయన తన చిన్నతనం చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. ఆయన కళ్లు తుడుచుకునే లోపల డబ్బా అందుకుంది: "మీ ఇంటి చుట్టూ నీరు నిలవకుండా చూసుకోండి!" ఆ రోజు నవ్వలేక చచ్చాను.

సరే, ఆ గదిలో తడిగుడ్డ పిండుకుంటూ నాకు తెలియకుండానే పాడుతున్నాను.

*బండి వచ్చె బండి పోయె, బిడ్డ లేవద్దు*
*సైరనేసె కొలిమి ఆరె, కునుకు ఆగద్దు*
*అమ్మ చెయ్యే దిండు నీకు...*

తలుపు దగ్గర హదస్సా. స్టేషన్ నడిపే పిల్ల, సీతాఫల్‌మండిది. ఎప్పుడూ చెవుల మీద ఆ నల్ల చిప్పలు పెట్టుకుని తిరుగుతుంది.

"ఆంటీ, గిదే కావాలె నాకు! కీబోర్డు లేదు, మ్యూజిక్ ట్రాక్ లేదు. మన బస్తీలల్ల అందరి దగ్గర గిట్లాంటివి ఉంటయి కదా?"

"ఎందుకుండవమ్మా. పిండి రుబ్బే పాటలున్నాయి, గోడకి సున్నం వేసే పాటలున్నాయి. వారానికొకరిని పిలిచి కూర్చోబెట్టు. డోలక్, కంజీర, అవి లేకపోతే చాట మీద దరువు. ప్లగ్గు పెట్టేది ఏదీ వద్దు. 'కరెంటు లేని పాటలు' అని పేరు పెట్టు."

అంతే. ప్రోగ్రాం పుట్టింది. చేతిలో తడిగుడ్డ ఉండగానే పుట్టింది. హదస్సా గంతేసి నా బుగ్గ గిల్లింది. తర్వాత అంది: "ఫస్ట్ ఎపిసోడ్‌కి జీవరాజు అంకుల్‌ని పిలుస్తా. గీ పాట ఆయనదే కదా? ప్రేయర్ మీటింగ్‌లల్ల ఎన్నిసార్లు విన్న!"

జీవరాజు గారు మా ఆయనే.

"ఈ పాట నేను కట్టాను" అన్నాను.

పిల్ల ఫక్కున నవ్వింది. ఎందుకు నవ్వదు? అంతకు పది నిమిషాల ముందే దానికి చెప్పాను, మా ఇంటి కాకి నా టీ తాగి బైబిల్ వచనం చెప్పిందని. "అయ్యో ఆంటీ, మీరు సుత!" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. నేనూ నవ్వాను. నవ్వి, మిగిలిన సగం గది తుడిచాను.

పాట సంగతి మీకు తెలియాలి. పాతికేళ్ల కిందట మాకొక పాప పుట్టింది. ఎమిలీ అని పేరు పెట్టాం. పదకొండు నెలలుంది మాతో. దాని కోసం కట్టిందే ఈ పాట. పాప పోయిన నలభయ్యో రోజు ఇంట్లో ప్రార్థన పెట్టారు. నేను వంటింట్లో ముప్పై మందికి ఉప్మా కలుపుతున్నాను. బయట నుంచి డోలక్ చప్పుడు, నా పాట రాగం. మాటలు మాత్రం వేరు. అమ్మ ఉన్న చోటల్లా మా ఆయన దేవుణ్ణి పెట్టారు. *దేవుని చెయ్యే దిండు నాకు, హల్లెలూయ! దిగులు లేదయ్యా.* గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను. "అడుగంటుతోంది, కళ్లెక్కడున్నాయే!" అని అత్త కేక. ఏం ప్రశ్న అది? నా కళ్లు ఎక్కడుంటాయి ఆ రోజు?

అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఇంత దుఃఖంలో ఇంత పాట కట్టాడే అన్నారు. తర్వాత మెట్టుగూడ, సీతాఫల్‌మండి, బొల్లారం, ఎక్కడ మీటింగ్ ఉంటే అక్కడికి ఆయన, డోలకూ, నా పాటా. నేను వెనక వరసలో చాప మీద కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని. ఒక్కసారి ఇంట్లో అడిగాను, అది నా పాట కదండీ అని. చొక్కా గుండీ పెట్టుకుంటూ అన్నారు: "ఇంట్లో పాటే కదా కృపా. నీదైతే ఏంది, నాదైతే ఏంది?" కూర మాడితే మాత్రం ఎవరిదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పాప పోయినప్పుడు కూడా ఎవరి పాలో, ఎవరి పెంపకమో, ఎవరు చలికి తిప్పారో అందరికీ తెలిసింది. "నీ చేతిలోనే పోయిందిగా" అంది అత్త, తను పోయేంత వరకూ అంది. చావు నాదైంది, పాట ఇంటిదైంది. ఆ తర్వాత ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. గోడ గడియారం చప్పుడు కూడా పెద్దదయ్యేది. అప్పుడే నాకు కోతలు మొదలయ్యాయి. ఏదో ఒకటి చెబుతూ ఉంటే నలుగురు నవ్వుతారు. నలుగురు నవ్వే చోట ఆ నిశ్శబ్దం కూర్చోదు. అలా ఇన్నేళ్లు చెప్పి చెప్పి, నిజం చెబితే నమ్మే మనిషిని ఒక్కరిని కూడా మిగుల్చుకోలేదు. ఆ సంగతి ఆ తడిగుడ్డ రోజున తెలిసింది నాకు.

పిలుపు నేనే ఇంటికి మోసుకెళ్లాను. మా ఆయన తెగ సంబరపడ్డారు. తెల్ల చొక్కా నాచేతే ఇస్త్రీకి పంపించారు. శనివారం పొద్దున బయల్దేరేటప్పుడు గుమ్మంలో చెప్పారు: "అక్కడ అందరి ముందర నీ కాకి కథలు చెప్పకు. పనికి వచ్చినవ్, పని చేస్కో. జెర ఇజ్జత్ ఉంచు నాది."

పదిన్నరకి ఆయన స్టూడియోలో డోలక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పదకొండుకి రేడియోలో నేరుగా పాడాలి, ముందొకసారి పాడి చూస్తున్నారు. నేను టీ ట్రేతో లోపలికి వెళ్లేసరికి హదస్సా చెవి చిప్ప ఒకటి తీసి అడుగుతోంది.

"అంకుల్, మూడో లైన్‌ల హల్లెలూయ జెర బయటికి కొడుతుంది. తాళంల కూర్చుంటలేదు. తర్వాత పెట్టిండ్రా అది?"

"అవునమ్మా. అక్కడ ఖాళీ ఉండె. ఇంట్ల తప్పు పాడేది, మధ్యల ఆగేది. నేను సరిచేసిన."

"ఇంట్ల ఎవరు పాడేది అంకుల్?"

మా ఆయన డోలక్ తాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. నోరు జారిన సంగతి ఆయనకప్పుడు తెలిసింది. హదస్సా నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"ఆంటీ, ఆడ ఎందుకు ఆగేవారు?"

ట్రే కింద పెట్టాను. నోటికి ఏదైనా కోత వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"పాపకి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. పడుకోబెడితే డొక్కలెగరేసేది. భుజాన వేసుకుని పాడితేనే కునుకు పట్టేది. నేను పాడుతుంటే నా గొంతులో దాని ఊపిరి నాకు వినబడదు కదమ్మా. అందుకని మూడో లైను దగ్గర ఆపేదాన్ని. వినేదాన్ని. వినబడితే మిగతా లైను పాడేదాన్ని."

"ఎంతసేపు ఆగేవారు?"

"వినబడేదాకా."

ఎవరూ నవ్వలేదు.

"ఒక మధ్యాహ్నం అలాగే ఆగాను. మిగతా లైను ఆ రోజు పాడలేదు."

మా ఆయన డోలక్ మీద నుంచి చెయ్యి తీసేశారు. అన్నారు: "లైను మర్చిపోయి ఆగేదానివి అనుకున్న కృపా. నాకెందుకు చెప్పలే?"

"డ్యూటీ నుంచి రాగానే అన్నం ఎక్కడ అని అడిగేవారు, చెప్పేదాన్ని. తువాలు ఎక్కడ అంటే చెప్పేదాన్ని. పాట ఎందుకు ఆగుతుందని ఈ ఇరవై నాలుగేళ్లలో మీరెప్పుడూ అడగలేదండీ."

హదస్సా లేచి ఆయన ముందున్న మైకు నా వైపు తిప్పింది. "సారీ ఆంటీ" అంది, ఎందుకో చెప్పలేదు, నాకు తెలుసు. ఆ నల్ల డబ్బా దగ్గరికి వెళ్లి దాని వైరు పీకేసింది. "ఈరోజు దోమలు లేవు. మీరు ఎంతసేపు ఆగితే అంతసేపు ఆగండి."

పదకొండు గంటలకి ఎర్ర లైటు వెలిగింది. మా ఆయన లేచి పోతారనుకున్నాను. పోలేదు, గోడ మెత్తకి ఆనుకుని నిలబడ్డారు. నేను మైకుతో చెప్పాను: "ఇది కరెంటు లేని పాట. కట్టింది దేవకృప, లాలాగూడ. పాప పేరు ఎమిలీ." దాని పేరు నోటితో అని ఎన్నేళ్లయిందో. తర్వాత పాడాను. బండి వచ్చింది, బండి పోయింది, సైరన్ వేసింది. *అమ్మ చెయ్యే దిండు నీకు* అని ఆగాను.

భుజం మీద బరువు లేదు. అయినా తల అటే వంచాను, అలవాటు పోలేదు. విన్నాను. ఆ మెత్తల గదిలో ఏమీ లేదు, కాసేపటి వరకూ ఏమీ లేదు. తర్వాత ఊపిరి వినిపించింది. పాపది కాదు. గోడ దగ్గర నుంచి, లోపలికి పోలేక బయటికి రాలేక కొట్టుకుంటున్న ఊపిరి. ఆ మనిషి పాప కోసం ఏడవడం నేను వినలేదెప్పుడూ. ఇప్పుడు వినబడింది కనక మిగతా లైను పాడాను. *అలక మానమ్మా.* ఆ లైను గొంతులోంచి బయటికి రావడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది. ఇది కోత కాదు.

ఎర్ర లైటు ఆరింది. హదస్సా మొహం అటు తిప్పుకుని ఏవో మీటలు సర్దుతోంది. నేను ఖాళీ గ్లాసుల వైపు వంగి, మళ్లీ నిటారుగా నిలబడ్డాను. "వచ్చే శనివారం నుంచి ఈ ప్రోగ్రాం నేను చెబుతానమ్మా. ఎవరెవరిని పిలవాలో నాకు తెలుసు. ఊడ్చేదానికి వేరే మనిషిని చూసుకో" అన్నాను. మా ఆయన వంగి, ట్రే తీసుకున్నారు. ఎలా పట్టుకోవాలో తెలియక ఒక గ్లాసు దొర్లించారు కూడా. చెప్పులు వేసుకుని నేను ముందు మెట్లు దిగాను.

కింద ఇస్త్రీ బండి కమలాబాయిది. బండి చివర చిన్న రేడియో పెట్టుకుని రోజంతా మన స్టేషనే వింటుంది. నన్ను చూడగానే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఎదురొచ్చింది, మొహమంతా వెలిగిపోతోంది.

"అక్కా, నీ పాట మస్తుగుంది గానీ, నడుమల రేడియో సచ్చిపోయింది! సప్పుడే లేదు. నేను పరేషాన్ అయిన. జెల్దిన ఎత్తి భుజం మీదేస్కొని దాని ఈపు మీద రెండేసిన సూడు, గప్పుడొచ్చింది దానికి ఊపిరి. లేకుంటే నీ పాట ఆడనే ఆగిపోవు, నేనే బతికిచ్చిన!"